రెండో పొయ్యి

వీరభద్రం వచ్చేసరికి లచ్చవ్వ, అనసూయ మగ్గం మీదనే ఉన్నారు. బోరింగు కాడ నీళ్ల కొట్లాట సద్దుమణిగి, కొత్తవాడ సందుల్లో మగ్గాల చప్పుడు అప్పుడప్పుడే ఊపందుకుంటున్న వేళ అది.

జంపఖానా నేసే మగ్గం చాలా వెడల్పు. ఒక్క మనిషి చెయ్యి ఈ అంచు నుంచి ఆ అంచుకు అందదు. పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడిచేతి వైపు మనిషి పేక దారాన్ని పడుగులోకి దూర్చి నడుమ దాకా తోస్తే, ఎడమచేతి వైపు మనిషి అందుకుని తన అంచు దాకా లాగాలి. ఆ తర్వాత ఇద్దరూ ఒక్కసారే ఇనుప పంజాలు ఎత్తి ఆ దారాన్ని కిందికి కొట్టాలి. ఒకరు ముందు, ఒకరు వెనక కొడితే బట్ట ఒక దిక్కు బిగిసి ఒక దిక్కు ఉబ్బుతుంది. సావుకారి వేలితో తడిమి చూసి అవతల పడేస్తాడు.

కుడివైపు లచ్చవ్వ. ఎడమవైపు అనసూయ. ఇద్దరూ బుచ్చిరాములు పెండ్లాలే. బుచ్చిరాములు పోయి రెండో ఏడు నడుస్తున్నది. ఆయన ఉన్నప్పుడు లేదు, పోయినంక లేదు, ఇద్దరి నడుమ మాట కుదిరిన రోజు తక్కువ. కూరలో ఉప్పు కాడ, ఆరేసిన చీర కాడ, తలుపు గడియ కాడ కూడా కొట్లాటే. కానీ ఎంత కొట్లాడుకున్నా పంజా దెబ్బ మాత్రం రెండు చేతులది ఒక్క చప్పుడుగానే పడేది.

"ఏం జేస్తానవ్ వదినా?" అని వీరభద్రం గడపలో నిలబడ్డాడు.

"ఏం జేస్తం ఇండిపెండెంటూ? గొడుగు పట్టెటోడు లేక ఎండల ఎండుతానం."

అనసూయ కిసుక్కున నవ్వింది. వీరభద్రం మున్సిపాలిటీ ఎన్నికల్లో ఏ పార్టీ టికెట్టూ దొరక్క ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. గొడుగు గుర్తు. గొడుగు గెలవలేదు గానీ ఇండిపెండెంటు అన్న పేరు మాత్రం ఆయన్ను పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు నేతగాండ్ల సంఘంలో తిరుగుతూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఏదో ఒక పని మీద ఉంటాడు.

"నవ్వుండ్రి నవ్వుండ్రి. మంచి ముచ్చట చెప్దామని వస్తె. నేతోల్లకు సర్కారు కాలనీ కడ్తాంది. అన్నీ ఇండిపెండెంటు ఇండ్లు."

"ఇండ్లు గూడ ఓట్లకు నిలవడ్తయా?" అన్నది అనసూయ.

"అట్ల గాదు వదినా. ఇండిపెండెంటు ఇల్లంటె గోడకు గోడ తాకది. సుట్టూ నాలుగు దిక్కుల జాగ ఉంటది. నీ కప్పు మీది వాన నీ వాకిట్లనే పడ్తది. ఒకలతోని పంచాతి లేదు."

లచ్చవ్వ పంజా ఆపింది. ఆమె చేయి ఆగగానే అనసూయ చేయి కూడా ఆగింది.

"ఎవ్వలికిస్తరట?"

"ఎల్లుండి సర్వే సారు వస్తాండు. ఇండిపెండెంటు కుటుంబానికి ఒక ఇల్లు. ఇగ మీ సంగతి జెప్పాలె. మీది ఒక్క కార్డు, ఒక్క పొయ్యి. ఉన్నదున్నట్టు చెప్తె ఒక్కటే ఇల్లొస్తది. రెండు పొయ్యిలు చూపెడ్తె రెండిండ్లు అడుగొచ్చు."

"ఇండిపెండెంటు కుటుంబమంటె ఎట్ల ఉంటదయ్యా?"

"ఒకల కింద ఉండనిది. తన పొయ్యి తనది, తన కుండ తనది. ఒకల పెండ్లామంటె ఆ మొగని లెక్కలకే పోతది. అందుకే అనసూయ వదినను వేరు మనిషని చెప్పాలె. దూరపు చుట్టమనుండ్రి. మాట వరసకే. సారు పోయినంక మల్ల మీ ఇష్టం."

లచ్చవ్వ కళ్ల ముందు ఒక గోడ కనబడింది. ఆ గోడకు తాకని ఇంకో గోడ కనబడింది. రెండు గోడల నడుమ ఎండ పడుతున్న నేల కనబడింది. ఎన్నేండ్ల నుంచో ఆమె కోరుకున్నది అదే. తాను లేచిన పొద్దుకు తాను లేచి, తాను వండిన గంజి తాను తాగి, ఎదుట ఇంకో ఆడదాని ముఖం లేకుండా ఒక్క దినం బతకాలని.

"రెండిస్తడా?" అని మళ్లీ అడిగింది.

"అడుగుడు మన పని. ఇచ్చుడు వాల్ల పని."

అనసూయ పడుగు దారాల నడుమ నుంచి వేలు తీసి, "ఒక్కటే ఇస్తె?" అన్నది.

"ఎందుకియ్యడు?" అన్నది లచ్చవ్వ గబుక్కున.

మధ్యాహ్నం వెనకతట్టు దించిన కప్పు కింద, సాయబానులో లచ్చవ్వే పొయ్యి పెట్టింది. కాలువ గట్టు నుంచి తట్టెడు ఎర్రమన్ను తెచ్చి, పొట్టు కలిపి తొక్కింది. అనసూయ పేడతో అలికింది. అంతా అయినంక లచ్చవ్వకు భయం పట్టుకుంది. పొయ్యి నిగనిగలాడుతోంది. ఇంతవరకు నిప్పు ఎరగని పొయ్యి అని పసిపిల్ల కూడా చెప్పగలదు.

"సారు పట్టుకుంటడే అనసూయా."

"పొగ పెడ్దాం."

కందికట్టె తెచ్చి మంట పెట్టారు. పాత చీపురు కాల్చారు. ఇద్దరూ చెరొక దిక్కు కూర్చుని విసనకర్రతో మసిని పొయ్యి గోడలకు కొట్టారు. పొగకు కళ్లు మండి నీళ్లు కారాయి. అనసూయ ముఖం నిండా మసి చూసి లచ్చవ్వ నవ్వింది. లచ్చవ్వ ముక్కు మీద మసి చూసి అనసూయ నవ్వింది.

"గిట్ల మసి అంటదు," అన్నది అనసూయ. "రెండు పూటలన్న వండాలె. అన్నం పొంగి కారితెనే పొయ్యి పొయ్యి లెక్కుంటది."

ఆ సాయంత్రం అనసూయ సాయబానులో వండుకుంది. లచ్చవ్వ లోపల వండుకుంది. వెనక నుంచి పచ్చిపులుసులో కాల్చిన మిరపకాయ వాసన వచ్చింది. లచ్చవ్వ పళ్లెం ముందు కూర్చుని, జరంత పులుసు పొయ్యమని అడగబోయి, అలవాటు తప్పాలి గదా అని ఊరుకుంది.

మూడో దినం సర్వే సారు వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఆయన వెనక వీరభద్రం, వీరభద్రం వెనక సందు సందంతా. ఎదురింటి రాజక్క అందరికంటే ముందు వచ్చి గడప పక్కన గోడకు ఆనుకుంది. సారు సన్నటి మనిషి. చెమట తుడుచుకుంటూ మగ్గం చూశాడు, ఇంటి కప్పు చూశాడు, సాయబానులోకి పోయి రెండో పొయ్యి కూడా చూశాడు. పొయ్యి సంగతి ఏమీ అడగలేదు. లచ్చవ్వకు ప్రాణం లేచివచ్చింది.

"ఇంటి యజమాని?"

"నేనే సారూ. మా ఆయన బుచ్చిరాములు. పోయిండు."

"మరి ఈమె?"

"మా చుట్టం సారూ. ఆమె పొయ్యి వేరు. ఆమెది వేరు కుటుంబం."

గోడ కాడ రాజక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "బుచ్చిరాములుకు చానమంది చుట్టాలుండిరి," అన్నది పక్కామెతో. మెల్లగా అన్నానని ఆమె అనుకుంది. సందు మొత్తం విన్నది. సారు కలం ఆపి తల ఎత్తాడు.

"అంటే? ఇద్దరూ ఆయన భార్యలేనా? చూడమ్మా, ఒక భర్తకు సంబంధించిన వాళ్లంతా ఒకే కుటుంబం. దాచిపెట్టి రెండు ఇళ్లు అడిగారని తేలితే ఒక్కటి కూడా రాదు. సరిగ్గా చెప్పు."

లచ్చవ్వ వీరభద్రం వైపు చూసింది. వీరభద్రం పైకప్పు దూలాలు చూస్తున్నాడు. ఒక్కటి కూడా రాదు అన్న మాట ఆమె చెవుల్లో గుయ్యిమన్నది.

"లేదు సారూ. మా ఆయనకు నేనొక్కదాన్నే పెండ్లాన్ని."

"మరి ఈమె ఎవరు?"

"కూలికి నేస్తది సారూ."

"ఈమె భర్త?" సారు చూపు అనసూయ బోసి మెడ మీద, బోసి చేతుల మీద నిలిచింది.

అక్కడ ఆగిపోవచ్చు. ఎవరో ఒక పేరు చెప్పవచ్చు, తెలియదనైనా అనవచ్చు. కానీ లచ్చవ్వ నోరు వాలులో పడ్డ బండి లాగా ఉరికింది.

"ఈమెకు లగ్గమే గాలేదు సారూ. దిక్కు లేకుంటె మా ఆయన జాలి తలిసి జాగిచ్చిండు. ఓ మూలకు పడుంటది. మాకేం గాదు."

రాజక్క నవ్వు ఆగింది. మాకేం గాదు అంటున్నప్పుడు లచ్చవ్వకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. భయానికి వచ్చిన మాట కాదది. ఎన్నో ఏండ్లుగా పండ్ల నడుమ నలిపి పెట్టుకున్నది. నెక్కొండకు తానే పోయి, తానే పిల్లను చూసి, తానే తోలుకొచ్చి, కొమురెల్లి మల్లన్న ముందు మొగడు ఇంకో మెడలో పుస్తె కడుతుంటే తానే పక్కన నిలబడి అక్షింతలు వేసిన నాటి నుంచి నలుగుతున్న మాట.

"అవునామ్మా?" అని సారు అనసూయను అడిగాడు.

అనసూయ మగ్గం పలక మీద నుంచి లేవలేదు. చేతిలో పంజా అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆమె చెప్తాంది గద."

"ఈ మగ్గంలో నీకు భాగం ఉందా?"

"మగ్గం ఆమెది."

"అయితే నువ్వు కూలి నేతగత్తెవు. ఇండిపెండెంట్ కింద రావు. సొంత మగ్గం ఉన్నవాళ్లకే ఇల్లు." సారు రాసుకుని కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. వీరభద్రం "సారూ, జర..." అంటూ వెనక పోయాడు. సారు అప్పటికే పక్కింటి గడప దాటాడు. వీరభద్రం వెనక్కి వచ్చి చెవి గోక్కున్నాడు.

"ఒక్కటన్న ఖాయమైంది గద వదినా," అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా.

చీకటి పడబోతుండగా లచ్చవ్వ సాయబానులోకి వచ్చింది. "ఇగ ఈ పొయ్యి ఎందుకే? పలగ్గొడ్దాం," అన్నది. అనసూయ అప్పటికే దాని మీద ఎసరు పెట్టింది.

"కూలి మనిషి ఇంటామె పొయ్యి మీద ఎట్ల వండుకుంటది?" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. లచ్చవ్వకు భయం వేసింది అందుకే.

తెల్లారి అనసూయ మామూలుగానే మగ్గం మీదికి వచ్చింది. దారం తోస్తే అందుకుంది, పంజా ఎత్తితే ఎత్తింది, దెబ్బ దెబ్బతో కలిసింది. పొద్దు నడినెత్తికి రాగానే దిగి తన పొయ్యి కాడికి పోయింది. మళ్లీ వచ్చి కూర్చుంది. "అంచుకు ఏ రంగు?" అని అడిగింది. అంతకుముందు ఏది అడిగినా "అక్కా" అనేది. తిట్టినా "నీ పాడుగాను అక్కా" అనే తిట్టేది. ఇప్పుడు ఏ పిలుపూ లేదు. సావుకారి దుకాణంలో గుమాస్తాను అడిగినట్టు, అంచుకు ఏ రంగు.

లచ్చవ్వ కొట్లాట కోసం ఎదురుచూసింది. కావాలని చీర తీసి మడత చెడగొట్టింది. నీళ్ల బిందె బోర్లించింది. అనసూయ బిందె తీసుకుని బోరింగు కాడికి పోయింది. రెండో దినం లచ్చవ్వే ఆగలేక, పేక దారం చేతిలో పట్టుకునే అన్నది:

"భయానికి అన్ననే. ఇల్లు మొత్తానికే పోతదేమోనని."

"భయానికి గంత మంచిగ మాటలొస్తయా?" అన్నది అనసూయ. "దారం తోయి."

ఆ దినమే గాజుల కట్టయ్య సందులోకి వచ్చాడు. భుజానికి తాళ్లకు గుచ్చిన గాజుల మలారం, నోట్లో "గాజులమ్మా గాజులు" అన్న కేక. ముత్తైదువలు ఒకరిద్దరు బయటికి వచ్చి కూర్చున్నారు. అనసూయ మగ్గం దిగి, పంజా పలక మీద పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని పోయి కట్టయ్య ముందు కూర్చుంది. చెయ్యి చాపింది.

కట్టయ్య ఆ బోసి చెయ్యి చూశాడు. ఆమె ముఖం చూశాడు. "బిడ్డా, నువ్వు..." అని ఆగిపోయాడు.

"నాకు లగ్గం గాలేదు కట్టన్నా. సర్కారోల్లే రాసుకపోయిండ్రు. లగ్గం గానిదానికి గాజులుండొద్దని ఏమన్న ఉన్నదా?"

కట్టయ్య గడపలో నిలబడ్డ లచ్చవ్వ వైపు చూశాడు. లచ్చవ్వ చూపు తిప్పుకుంది. ముసలాయన నిట్టూర్చి అనసూయ వేళ్లు దగ్గరికి నొక్కి పట్టి, ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించాడు. ఏండ్ల తరబడి పంజా పట్టిన చెయ్యి గట్టిపడింది. గాజు పగలకుండా ఎక్కించడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"అయ్యో, ఇదేం పోయెకాలమే!" అని రాజక్క అరిచింది. "బుచ్చిరాములు బూడిద గూడ ఆరలేదు గదనే!"

"ఆయనెవ్వలు రాజక్కా?" అన్నది అనసూయ, చెయ్యి వెలుగులో తిప్పి చూసుకుంటూ. "నేను కూలికొచ్చినదాన్ని."

ఆ మధ్యాహ్నమంతా పంజా దెబ్బ పడ్డప్పుడల్లా గాజులు గలగలమన్నాయి. లచ్చవ్వ పళ్లు బిగపట్టి నేసింది. మొదటిసారి ఆమె చెయ్యే తప్పింది. బట్ట ఒక దిక్కు ఉబ్బింది. విప్పి మళ్లీ నేయాల్సి వచ్చింది.

పొద్దు వాలేటప్పుడు లచ్చవ్వ వీరభద్రం ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"సారుకు ఉన్నదున్నట్టు చెప్పాలయ్యా. ఆమె మా ఆయన పెండ్లామే అని."

"నీకేమన్న పిచ్చి లేసిందా వదినా? ఇప్పుడు మార్చి చెప్తె నీ ఇల్లు గూడ పోతది. సర్కారు కాడ ఒక్కతీరు మాట్లాడాలె."

"పోతె పోనీ."

వీరభద్రం బీడీ నోట్లో నుంచి తీశాడు. "ఆమెతోని ఒక్కనాడన్న సక్కగ ఉన్నవా నువ్వు? ఇప్పుడెందుకు గింత ఫికరు?"

లచ్చవ్వ లేచి వచ్చేసింది. సందు మలుపులో ఆగి తనలో తానే ఆ మాట మళ్లీ అనుకుంది, పోతె పోనీ అని. గోడకు తాకని గోడను కళ్ల ముందుకు తెచ్చుకోవాలని చూసింది. గోడ వచ్చింది గానీ దాని లోపల ఏ చప్పుడూ వినరాలేదు.

అనసూయ పొయ్యి ముట్టిస్తోంది. లచ్చవ్వ వచ్చి ఆమె ఎదుట గొంతుక్కూర్చుంది.

"రేపు పొద్దుగాల్నే ఆఫీసుకు పోత. ఇల్లు వద్దని చెప్త. నువ్వు మా ఆయన పెండ్లానివే, కొమురెల్లిల పుస్తె కట్టంగ నేనే పక్కన నిలవడ్డనని చెప్త."

"చెప్పకు."

"ఎందుకే?"

"నువ్వు చెప్తె నేను మల్ల ముండమోస్త అక్కా."

అక్కా అన్నది. లచ్చవ్వ ఆ పిలుపు కోసం ఎంత ఎదురుచూసిందో అప్పుడు గానీ ఆమెకే తెలియలేదు. అనసూయ మంట ఎగదోసి నెమ్మదిగా చెప్పుకుపోయింది. ఎవరి మీదా కక్ష లేనట్టు, పక్కింటి ముచ్చట చెప్పినట్టు.

"నెక్కొండ నుంచి తోల్కొచ్చేటప్పుడు నన్నెవ్వలన్న అడిగిండ్రా? ఇంకొకామె మొగనికి పెండ్లానివన్నరు, అయిన. నీ కడుపు పండలేదని నన్ను తెస్తిరి. నా కడుపూ పండకపాయె. అప్పుడు గద అందరికి ఎర్కైంది, తప్పు ఎవ్వలిదో. అయినా గొడ్డుదాన్నన్నరు, అయిన. ఆయన పోయిన్నాడు నా చేతులు రాయి మీద పెట్టి గాజులు పలగ్గొట్టిండ్రు. ముండవన్నరు, అయిన. మొన్న నువ్వు, ఏం గాదు అన్నవు. ఆ రాత్రి సచ్చిపోదామనుకున్న. తెల్లారి లేస్తె పెయ్యి తేలిగ్గున్నది. ఏం గాదట. ఎవ్వలకు ఏం గాదట. జర సేపు అట్లనే కూసున్న."

లచ్చవ్వ కందికట్టె ఒకటి పొయ్యిలోకి తోసింది.

"మన వాడ పోశవ్వ షోలాపూర్ పోతాంది. చద్దర్ల కార్ఖానల కండెలు చుట్టెటోల్లు కావాల్నట. ఆడోల్లనందర్నీ ఒక్క ఖోలీల ఉంచుతరట. ఆడ నా సంగతి ఎవ్వలకు ఎర్కలేదు."

"నన్నిడిసి పోతవా?"

"నీకు ఇల్లున్నది గద. ఇండిపెండెంటు ఇల్లు."

"మగ్గం ఒక్కదానితోని నడువదే."

"మనిషిని పెట్టుకో," అన్నది అనసూయ. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసింది. తర్వాత ఒక పళ్లెంలో వడ్డించి, పులుసు పోసి, లచ్చవ్వ ముందుకు జరిపింది. "తిను. మసి పొయ్యి మీద అన్నం తీపుంటది."

రాజక్క ఊరుకోలేదు, గాజుల సంగతి కులపెద్ద చెవిన వేసింది. మరునాడు పొద్దున, పోశవ్వ తన మూట, గొడుగు పట్టుకుని అనసూయను తోలుకుపోను వచ్చేసరికి, కులపెద్ద లింగమూర్తి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. రాజక్క గోడ కాడ తన జాగాలో తాను నిలబడింది. అనసూయ చేతిలో బట్టల మూట ఉంది. ఆకుపచ్చ గాజుల మీద కొంగు కప్పుకోలేదు.

"లచ్చవ్వా," అన్నాడు లింగమూర్తి. "ఒక్క ముచ్చట అడిగి పోదామని వచ్చినం. మాకందరికి ఎర్కున్నదే. అయినా పెద్దదానివి, నీ నోటితోని చెప్పాలె. ఈమె బుచ్చిరాములు పెండ్లామా, కాదా?"

లచ్చవ్వ అనసూయ చేతిలోని మూట వైపు చూసింది.

"పెండ్లామైతె గాజులు తీసుడే. మొగడు పోయినామె గిట్ల గాజులేసుకొని పరదేశం పోతె కులానికి మచ్చ. మేం పోనియ్యం. ఇంట్లనే ఉంటది, నీ కాడ్నే ఉంటది, ఎప్పటి లెక్క మగ్గం నేసుకుంటది. కాదంటవా, మాకు పనే లేదు."

పోశవ్వ మూట ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "నేను గూడ కులం మాట కాదని తోల్కపోను అనసూయా. రేపు నాకు తిరిగి రావాలె గద ఈడికి," అన్నది ఇబ్బందిగా. "జల్ది తెంపుండ్రి. రైలుకు వేళైతాంది."

మగ్గం మీద నిన్న ఆపిన బట్ట అలాగే ఉంది. ఎరుపు పట్టె సగంలో ఉంది. ఒక్క మాట. అవునంటే చాలు. ఇల్లు పోతుంది. అనసూయ ఉంటుంది. రాజక్క గాజులు పగలగొడుతుంది. రేపు పొద్దున పలక మీద ఎడమవైపు మనిషి ఉంటుంది. దారం తోస్తే అందుకునే చెయ్యి ఉంటుంది. కోపంగానైనా, తిట్టుకుంటూనైనా ఉంటుంది. ఎవరూ తప్పు పట్టరు. పైగా నిజమే చెప్పిందంటారు.

అనసూయ ఆమె వైపు చూడటం లేదు. సందు చివర ఎక్కడో చూస్తోంది. ఆ ముఖం మీద బతిమాలడం లేదు. రాయి మీద చేతులు పెట్టిన నాడు కూడా ఆమె అలాగే ఎక్కడికో చూసింది. అప్పుడు ఒక చెయ్యి రాజక్క పట్టుకుంది, ఇంకో చెయ్యి లచ్చవ్వ పట్టుకుంది.

"అడిగితె చెప్పవేందే?" అన్నాడు లింగమూర్తి.

"ఎన్నిసార్లు చెప్పాలె?" అన్నది లచ్చవ్వ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "సర్కారోల్లకు చెప్పిన, మీకూ అదే. కూలికొచ్చింది, పోతాంది. మాకేం గాదు."

లింగమూర్తి ఉమ్మి ఊసి లేచాడు. "నాలుగు గోడల కోసం గింత దిగజారుతవనుకోలే. తూ." అనసూయ వైపు తిరిగి, "ఇన్నవు గద. ఇగ కులానికి నీతోని పని లేదు. రేపు సస్తె మోసెటోడు గూడ మా దిక్కు నుంచి రాడు," అన్నాడు.

"షోలాపూర్ల మున్సిపాలిటోల్లు మోస్తరట," అన్నది అనసూయ.

పెద్దలు ఇంకా అరుగు దిగుతూనే ఉన్నారు. ఒకాయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. అనసూయ మూట భుజానికి వేసుకుని లచ్చవ్వ ముందు నిలబడింది. అందరూ చూస్తున్నారు. కాళ్లు మొక్కితే చెప్పిందంతా అబద్ధమవుతుంది. అక్కా అని పట్టుకుని ఏడిస్తే అబద్ధమవుతుంది.

"పోతాన మరి," అన్నది, నేత చాలించిన కూలి మనిషి ఇంటామెతో అన్నట్టు.

ఇంట్లో నుంచి బయలుదేరే మనిషిని పో అనకూడదు. లచ్చవ్వ పుట్టి బుద్ధెరిగి ఎవరినీ అనలేదు. పోయిరా అనడానికి నోరు తెరిచింది. పోయిరా అనేది ఇంటి మనుషులను. లింగమూర్తి ఇంకా చెవులు ఇటే పెట్టి నిలబడ్డాడు.

"పో," అన్నది.

అనసూయ తల ఊపింది. అర్థమైందని ఊపిందో, ఊరికే ఊపిందో. పోశవ్వ ముందు, ఆమె వెనక. సందు మలుపు దాకా గాజుల చప్పుడు వినిపించింది. తర్వాత అక్కడి మగ్గాల చప్పుడులో అది కలిసిపోయింది.

అందరూ పోయినంక రాజక్క ఒక్కతే మిగిలింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అవి ఎందుకు వచ్చాయో ఆమెకే తెలియదేమో.

"నువ్వేం మనిషివే లచ్చవ్వా! గిన్నేండ్లు ఒక్క మగ్గం మీద కూసున్నరు. పోయేటప్పుడు ఒక్క మాటన్న మంచిగ అనవైతివి. రాయి గూడ కరుగుతది గదనే. గా ఇంట్ల ఎట్ల కన్ను మూస్తవే నువ్వు?"

లచ్చవ్వ గడప మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల సందున నొక్కి పెట్టుకుంది. జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. చెబితే రాజక్క ఉరుకుతుంది, లింగమూర్తిని కేకేస్తుంది. బండి ఇంకా స్టేషన్ కదిలి ఉండదు.